నెలసరి నొప్పి: సేదదీరే హక్కు, సేదదీర్చే వ్యాయామాలు

ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే నలుగురికీ తెలుస్తుంది. ఒకరు మందు తెస్తారు, ఒకరు నుదుటిపై తడిగుడ్డ వేస్తారు. కాని నెలనెలా ఆడపిల్లను మంచాన పడవేసే కడుపునొప్పి మాత్రం ఇంట్లో సగం మందికి తెలియకుండానే వచ్చి, తెలియకుండానే పోతుంది. అమ్మాయి ఎందుకు పడుకుందని తండ్రి అడిగితే, తలనొప్పి అని తల్లి బదులిస్తుంది. అమ్మాయి దిండులో ముఖం దాచుకుని, మోకాళ్లు కడుపుకు ఆనించుకుని, పళ్ల బిగువున ఆ రెండు రోజులూ గడుపుతుంది. తల్లికి ఆమె తల్లి చెప్పిన మాటే ఆ బిడ్డకూ అందుతుంది: "ఆడదానికి ఇది మామూలే, ఓర్చుకోవాలి."

సిగ్గు, బిడియం విశ్వాసంలో భాగమే. సహనం గొప్ప సుగుణమే. అయితే తగ్గించుకోగలిగిన బాధను తగ్గించుకోకుండా భరించమని ఇస్లాం ఎక్కడా ఆదేశించలేదు. వైద్యం చేయించుకోవాలని, ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను సృష్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. నెలసరి నొప్పి విషయంలో ఆ బోధన మన గడపల దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఈ వ్యాసంలో మనం నొప్పికి కారణం ఏమిటో, ఇంట్లోనే చేసుకోదగిన సడలింపు వ్యాయామాలు ఏమిటో, వాటికి ఇల్లు ఎలా తోడ్పడాలో పరిశీలిద్దాం.

సరిఫ్‌లో ఒక పరామర్శ

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) అంతిమ హజ్ యాత్రకు బయలుదేరారు. మక్కాకు సమీపంలోని సరిఫ్ అనే చోటికి చేరేసరికి హజ్రత్ ఆయిషా (రజి)కి నెలసరి వచ్చింది. హజ్ చేజారిపోతుందేమోనన్న దిగులుతో ఆమె ఏడుస్తూ కూర్చున్నారు. ప్రవక్త (స) ఆమె వద్దకు వచ్చి ఎందుకు ఏడుస్తున్నావని అడిగారు. నెలసరి వచ్చిందా అని ఆయనే విచారించారు. ఇది ఆదం కుమార్తెలకు అల్లాహ్ నిర్ణయించిన విషయమని చెప్పి ఊరడించారు. కాబా ప్రదక్షిణ ఒక్కటి మినహా హాజీలు చేసేవన్నీ చేయవచ్చని వివరించారు. హజ్ ముగిశాక, ఆమె మనసులోని కోరిక తీరేలా, ఆమె సోదరుడు అబ్దుర్రహ్మాన్ (రజి)ను తోడిచ్చి తన్‌యీమ్ నుంచి ఉమ్రా చేయించారు.

ఈ సంఘటనను మనం ఎన్నోసార్లు విన్నాం. హజ్ నియమాల కోణంలో విన్నాం. ఇంటి కోణంలో కూడా ఒకసారి చూద్దాం. భర్త గమనించారు, అడిగారు, నింద లేకుండా ఊరడించారు, తర్వాత ఏర్పాటు చేశారు. ఆ బాధ ఆయనకు తెలియవలసిన అవసరం లేదని ఎవరూ అనుకోలేదు.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 222వ ఆయతు నెలసరిని 'అజా' అని పేర్కొన్నది. కొందరు అనువాదకులు దీన్ని మాలిన్యమని అన్నారు. బాధ, ఇబ్బంది అనే అర్థాలు కూడా ఈ పదంలో ఉన్నాయి. అంటే ఆ రోజుల్లో స్త్రీకి కష్టం ఉంటుందని సృష్టికర్తే గుర్తించాడు. ఆ కారణంగానే ఆమెపై భారం తగ్గింది. నమాజు మాఫీ అయింది, తర్వాత దాన్ని తిరిగి చేయవలసిన అవసరమూ లేదు. రమజాన్ ఉపవాసాలు వాయిదా పడ్డాయి. దాంపత్య సంబంధం నిషిద్ధమైంది. అంతే తప్ప ఆమె అంటరానిది కాలేదు. నెలసరిలో ఉన్న స్త్రీలతో కలిసి భోజనం చేయని ఆచారం ఆనాటి మదీనాలో కొందరి ఇళ్లలో ఉండేది. దైవప్రవక్త (స) దాన్ని తోసిపుచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) పాత్రలో పెదవి ఆనించిన చోటే ఆయనా పెదవి ఆనించి తాగేవారు. ఆమె ఒడిలో తలవాల్చి ఖుర్ఆన్ పారాయణం చేసేవారు.

కనుక వేరు కంచం, వేరు చాప, పచ్చడి జాడీ ముట్టరాదనే ఆంక్షలు మన ఇళ్లలో ఎక్కడైనా కనిపిస్తే, అవి చుట్టుపక్కల ఆచారాల నుంచి వచ్చి చేరినవే గాని ధర్మం చెప్పినవి కావు. ధర్మం ఇచ్చింది విశ్రాంతి. వెలివేత కాదు.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రతి నెలా గర్భాశయం లోపల ఒక మెత్తటి పొర పెరుగుతుంది. గర్భం నిలవనప్పుడు హార్మోన్ల స్థాయి పడిపోయి ఆ పొర విడిపోతుంది. అప్పుడు ఆ పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. అవి గర్భాశయ కండరాన్ని ముడుచుకునేలా చేస్తాయి. లోపలి పొర బయటికి రావాలంటే ఈ ముడుచుకోవడం అవసరమే. కాని ఈ పదార్థాలు ఎక్కువగా తయారైనప్పుడు కండరం మరీ గట్టిగా బిగుసుకుంటుంది. దానిలోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం, ప్రాణవాయువు తగినంత అందక కండరం విలవిలలాడుతుంది. మనం పొత్తికడుపులో మెలిపెట్టినట్లు అనుభవించే నొప్పి అదే. అది నడుముకు, తొడలకు పాకుతుంది. కొందరికి వికారం, విరేచనాలు, తలనొప్పి, నీరసం కూడా తోడవుతాయి.

ఈ పదార్థాల గుట్టు విప్పినందుకే స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్‌సన్‌లకు, బ్రిటన్‌కు చెందిన జాన్ వేన్‌కు 1982లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ వివరం ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. నెలసరి నొప్పి నటన కాదు, సోమరితనం కాదు, పని తప్పించుకునే సాకు అంతకంటే కాదు. అది శరీరంలో జరిగే ఒక రసాయన చర్య ఫలితం.

సాధారణంగా ఈ నొప్పి రజస్వల అయిన ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత మొదలవుతుంది. స్రావం ప్రారంభానికి కొన్ని గంటల ముందు గాని, ప్రారంభమైన వెంటనే గాని వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. వెనక వేరే వ్యాధి ఏదీ ఉండదు. అయితే కొందరిలో నొప్పికి గర్భాశయ గడ్డలు, ఇన్‌ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధులు కారణం కావచ్చు. ఆ తేడాను ఎలా పసిగట్టాలో తర్వాత చెప్పుకుందాం.

భయం బిగిస్తుంది, శ్వాస సడలిస్తుంది

నొప్పి వస్తుందని ముందే తెలిసినప్పుడు శరీరం దానికి కాచుకుని కూర్చుంటుంది. దవడలు బిగుసుకుంటాయి, భుజాలు పైకి లేస్తాయి, పొట్ట గట్టిపడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. అప్పటికే బిగిసి ఉన్న గర్భాశయానికి నడుము, పొట్ట, తొడల కండరాల బిగువు తోడవుతుంది. నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిన కొద్దీ భయం పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ 1929లో వెలువరించిన గ్రంథంలో దీనికొక మార్గం చూపారు. ఒక్కొక్క కండరాన్ని కావాలని బిగించి, ఆపైన వదిలివేస్తూ పోతే, బిగువుకూ సడలింపుకూ గల తేడా శరీరానికి తెలుస్తుంది, క్రమంగా దానంతట అదే సడలడం నేర్చుకుంటుంది. మరో అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో, నిదానమైన శ్వాసతో పాటు ఒకే మాటను గాని ప్రార్థనా వాక్యాన్ని గాని మననం చేస్తే గుండె వేగం, శ్వాస వేగం నెమ్మదిస్తాయని వివరించారు. జిక్ర్ ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు.

సడలింపు వ్యాయామాలు గర్భాశయంలోని ప్రోస్టాగ్లాండిన్లను మాయం చేయవు. నొప్పి చుట్టూ పేరుకున్న అదనపు బిగువును, ఆందోళనను తగ్గిస్తాయి. నొప్పి తనను నడిపించడం కాకుండా, తానే నొప్పిని దాటించగలనన్న ధైర్యాన్ని అమ్మాయికి ఇస్తాయి.

ఐదు వ్యాయామాలు

వీటికి కావలసినవి ఒక చాప లేదా దుప్పటి, రెండు దిండ్లు, తలుపు వేసుకోగలిగిన గది, ఇరవై నిమిషాల సమయం. బట్టలు వదులుగా ఉండాలి. భోజనం చేసిన వెంటనే చేయరాదు. గర్భవతులు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, నడుము లేదా మోకాళ్ల జబ్బు ఉన్నవారు వైద్యులను అడగకుండా చేయరాదు. ఏ భంగిమలోనైనా నొప్పి పెరిగితే వెంటనే మానాలి.

ఒకటి, పొట్టతో శ్వాస. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలపై ఆనించాలి. ఒక చేయి ఛాతీపై, మరో చేయి పొట్టపై ఉంచాలి. ముక్కుతో నెమ్మదిగా, మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చాలి. పొట్టపై ఉన్న చేయి పైకి లేవాలి, ఛాతీపై ఉన్న చేయి దాదాపు కదలకూడదు. తర్వాత పెదవులు కొద్దిగా తెరచి, ఆరు లెక్కపెట్టేంతసేపు గాలి వదలాలి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు సాగడమే ఇందులో కీలకం. ఇలా పది నుంచి పదిహేను సార్లు చేయాలి. తల తిరిగినట్లు అనిపిస్తే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోవాలి. లెక్కకు బదులుగా, గాలి వదిలే ప్రతిసారీ సుబ్‌హానల్లాహ్ అనో, అల్‌హమ్దులిల్లాహ్ అనో మనసులో స్మరించుకోవచ్చు. నెలసరిలో జిక్ర్‌కు, దుఆకు ఆటంకం లేదు.

రెండు, బిగించి వదలడం. అలాగే పడుకుని, కాళ్లు చాపి, మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకోవాలి. మొదట రెండు పాదాల వేళ్లను ముడిచి ఐదు సెకన్లు బిగించాలి. ఒక్కసారిగా వదిలేయాలి. ఇరవై సెకన్ల పాటు ఆ వదులుదనాన్ని గమనించాలి. తర్వాత ఇదే క్రమంలో పిక్కలు, తొడలు, పిరుదులు, పిడికిళ్లు, భుజాలు, దవడలు, నుదురు. నొప్పి ఉన్న రోజున పొట్టను బిగించకుండా వదిలివేయాలి. పిక్కలు పట్టేసే అలవాటు ఉన్నవారు వాటిని మెల్లగా మాత్రమే బిగించాలి. మొత్తం కొద్ది నిమిషాలు పడుతుంది. మొదట్లో తల్లి గాని, అక్క గాని పక్కన కూర్చుని ఒక్కొక్క భాగం పేరు నెమ్మదిగా చెబుతుంటే అమ్మాయికి తేలిక అవుతుంది.

మూడు, మోకాళ్లు ఛాతీకి. వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఛాతీ వైపు మెల్లగా తెచ్చుకోవాలి. ఐదు శ్వాసల పాటు ఉంచి వదలాలి. రెండో కాలితోనూ అలాగే చేయాలి. ఆపైన రెండు మోకాళ్లనూ కలిపి పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా ఊగాలి. నడుము కింది భాగానికి నేలే మర్దన చేస్తున్నట్లు ఉంటుంది.

నాలుగు, పిల్లి వెన్ను. అరచేతులు, మోకాళ్లు నేలపై ఆనించాలి. గాలి వదులుతూ, ఒళ్లు విరుచుకునే పిల్లిలా వెన్నును పైకి వంచి తల దించాలి. గాలి పీలుస్తూ వెన్నును మెల్లగా కిందికి దించి తల కొద్దిగా ఎత్తాలి. కుదుపు లేకుండా, శ్వాసతో పాటు ఎనిమిది నుంచి పది సార్లు చేయాలి.

ఐదు, మోకరిల్లి ముందుకు వాలడం. మోకాళ్లు కొంచెం ఎడంగా ఉంచి, మడమలపై కూర్చుని, ఒడిలో ఒకటి రెండు దిండ్లు పెట్టుకుని వాటిపై ఛాతీ, చెంప ఆనేలా ముందుకు వాలాలి. చేతులు వదులుగా ముందుకు చాపాలి. రెండు మూడు నిమిషాలు అలా ఉండి, వీపు కింది భాగంలోకి గాలి వెళుతున్నట్లు ఊపిరి తీసుకోవాలి. చూడడానికి ఇది సజ్దాను పోలి ఉంటుంది గనుక కొందరికి సందేహం కలగవచ్చు. నమాజు సంకల్పం లేకుండా, దిండ్లపై వాలి చేసే ఈ భంగిమ నమాజు కాదు, సజ్దా కాదు. వ్యాయామం మాత్రమే.

చివరగా ఒక పక్కకు తిరిగి, మోకాళ్లు మడిచి, వాటి మధ్య దిండు పెట్టుకుని ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నొప్పి మరీ తీవ్రంగా ఉన్న రోజున అన్నీ చేయనక్కరలేదు. మొదటిది, చివరిది చేసినా చాలు.

ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. నొప్పి వచ్చాక వీటిని కొత్తగా నేర్చుకోబోతే ప్రయోజనం తక్కువ. నొప్పి లేని రోజుల్లోనే రోజూ పది పదిహేను నిమిషాలు సాధన చేయాలి. రాత్రి పడుకునే ముందు సమయం ఇందుకు అనువైనది. తిరగలి తిప్పి చేతులు కాయలు కాసిన హజ్రత్ ఫాతిమా (రజి) ఒక సేవకుణ్ణి ఇప్పించమని కోరినప్పుడు, పడుకునే ముందు చేసుకోమని దైవప్రవక్త (స) ఆమెకు తస్బీహ్ నేర్పిన సంగతి మనకు తెలుసు. అలసిన శరీరానికి, స్మరణకు, నిద్రకు ఉన్న అనుబంధం ఆ ఉపదేశంలో కనిపిస్తుంది. తస్బీహ్‌ను, ఈ నిదానపు శ్వాసను జతచేసుకుంటే సాధన అలవాటుగా మారుతుంది.

బడిలోనో, పరీక్ష గదిలోనో నొప్పి వస్తే పడుకునే వీలుండదు. అప్పుడు బల్లపై నిటారుగా కూర్చుని, రెండు పాదాలూ నేలపై ఆనించి, భుజాలు దించి, పొట్టతో ఐదారు శ్వాసలు తీసుకోవాలి. బల్ల కింద పాదాల వేళ్లను బిగించి వదలాలి, ఒడిలో పిడికిళ్లను బిగించి వదలాలి. పక్కన కూర్చున్నవారికి కూడా తెలియదు.

వేడి, నడక, ఆహారం, మందు

పొత్తికడుపుపై వేడి కాపడం అమ్మమ్మల నాటి చిట్కా. వైద్యులూ దాన్ని సమర్థిస్తారు. వేడినీళ్ల సంచిని గుడ్డలో చుట్టి, ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచాలి. చర్మం కాలేంత వేడి పనికిరాదు, సంచి పెట్టుకుని నిద్రపోరాదు. వ్యాయామానికి ముందు కాపడం పెడితే కండరాలు త్వరగా సడలుతాయి.

నెల పొడవునా శరీరానికి కదలిక ఉండాలి. 2019లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో పది అధ్యయనాల్లోని 754 మంది స్త్రీల ఫలితాలను కలిపి చూశారు. వారానికి మూడుసార్లు లేదా అంతకు మించి, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేసినవారిలో నొప్పి గుర్తించదగినంతగా తగ్గింది. ఆధారాలు ఇంకా బలపడవలసి ఉన్నా, నడకకు ఖర్చు లేదు, కీడు లేదు. ఇంటి చాకిరీని వ్యాయామంగా లెక్కవేయరాదు. వంగి అంట్లు తోమడం, బరువు బిందెలు మోయడం నడుమును మరింత బిగిస్తాయి. తల్లీకూతుళ్లు ఫజ్ర్ తర్వాతనో, అస్ర్ తర్వాతనో కలిసి నడిస్తే నడకతో పాటు మాటలకూ చోటు దొరుకుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్న అమ్మాయికి నెలసరి నీరసం రెట్టింపవుతుంది. కార్జం, మాంసం, ఆకుకూరలు, పప్పులు, రాగులు ఆమె కంచంలోకి రావాలి. ఆకుకూరపైనా, పప్పుపైనా నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటపడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే దానికి ఆటంకం కలుగుతుంది. దావతులో మంచి ముక్కలు మగపిల్లల కంచాల్లోకి వెళ్లే అలవాటును కూడా ఈ సందర్భంలో పునరాలోచించుకోవాలి.

ఇవేవీ చాలకపోతే మందు వేసుకోవడం బలహీనత కాదు. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గిస్తాయి. అందువల్ల నొప్పి ముదిరాక కాకుండా మొదలైన వెంటనే, ఆహారం తర్వాత, వైద్యులు చెప్పిన మోతాదులో వేసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యులను అడగకుండా వాడరాదు. నెలలో రెండు మూడు రోజులు ఇలా మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు. పెళ్లయితే తగ్గుతుంది, కాన్పు అయితే పోతుంది అంటూ చికిత్సను వాయిదా వేయడం ఆ అమ్మాయికి చేసే అన్యాయం. కొందరికి కాన్పు తర్వాత నొప్పి తగ్గే మాట నిజమే. అంతదాకా బాధపడుతూ ఉండమనడానికి అది కారణం కాజాలదు.

రమజాన్‌లో దాచుకునే దాహం

మన ఇళ్లలో మాత్రమే కనిపించే ఒక కష్టాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. రమజాన్‌లో నెలసరి వచ్చిన అమ్మాయి, తండ్రికీ అన్నదమ్ములకూ తెలిసిపోతుందన్న బిడియంతో అందరితో పాటు సహరీకి లేస్తుంది. పగలంతా ఉపవాసం ఉన్నట్లే తిరుగుతుంది. వంటగదిలో ఎవరూ లేనప్పుడు గుటకెడు నీళ్లు తాగుతుంది. కొందరు అదీ తాగరు. కడుపులో నొప్పి, ఒంట్లో రక్తస్రావం, పైన ఆకలిదప్పులు. ఇంతా చేసి ఆమెకు ఉపవాస పుణ్యమూ లేదు, ఎందుకంటే ఆ రోజు ఉపవాసం ఉండకపోవడమే ఆమెకు అల్లాహ్ ఆజ్ఞ.

నలుగురి ముందూ కూర్చుని తినమని మనం చెప్పడం లేదు. ఉపవాసం ఉన్నవారి పట్ల మర్యాద ఉండవలసిందే. అయితే ఆమె గదిలోకి మధ్యాహ్నం అన్నం, సీసా నిండా నీళ్లు చేర్చే బాధ్యత తల్లిది. ఈ రోజు ఉపవాసం ఉన్నావా అని ఆడపిల్లలను ఆరా తీయకుండా ఉండే బాధ్యత తండ్రిది, అన్నదమ్ములది. ఇంట్లో మగపిల్లలకు యుక్తవయసు రాగానే ఈ నియమాన్ని ధార్మిక పాఠంగానే బోధించవచ్చు. తెలిసిన తమ్ముడు వెటకారం చేయడు. తప్పిన ఉపవాసాలను రమజాన్ తర్వాత ఆమె వీలు చూసుకుని పూర్తిచేసుకుంటుంది. హజ్రత్ ఆయిషా (రజి) కూడా తన ఉపవాసాలను షాబాన్ మాసంలో పూర్తిచేసుకునేవారు.

ఎప్పుడు వైద్యురాలిని కలవాలి?

కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు వ్యాయామాలతో కాలయాపన చేయరాదు. గంటకో, రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, స్రావం ఏడు రోజులు దాటడం, నెలనెలా నొప్పి పెరుగుతూ పోవడం, ఇదివరకు లేని నొప్పి పాతికేళ్లు దాటాక కొత్తగా రావడం, నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపు నొప్పి, దాంపత్య సమయంలో నొప్పి, జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, రెండు మూడు నెలలు సరిగా మందు వాడినా ఫలితం లేకపోవడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్త్రీ వ్యాధుల నిపుణురాలిని కలవాలి. నెల తప్పిన స్త్రీకి హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉంది. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరగడమే ఈ వ్యాధి. దీన్ని మామూలు నొప్పిగా భావించి ఏళ్ల తరబడి ఓర్చుకునేవారు ఎందరో ఉన్నారు.

వైద్యురాలు మొదట అడిగేది తేదీలు. ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు సాగింది, ఎంత స్రావం? ముస్లిం స్త్రీకి ఈ లెక్క కొత్త కాదు. గుస్ల్ చేసి నమాజు తిరిగి ప్రారంభించడానికి ఆమె ఎలాగూ ఈ రోజులను గుర్తుపెట్టుకుంటుంది. ఆ తేదీల పక్కనే నొప్పి ఎంత, ఏ మందు వేసుకున్నాం, ఏ వ్యాయామం హాయినిచ్చింది అని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, అది ఇటు ఆరాధనకూ అటు వైద్యానికీ పనికివస్తుంది. అదేపనిగా రక్తస్రావం అవుతున్న ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) నేరుగా దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తన సందేహం అడిగారు. అది నెలసరి కాదని, నరం నుంచి వచ్చే రక్తమని, నెలసరి రోజులు గడిచాక నమాజు చేసుకోవాలని ఆయన వివరించారు. ధర్మం నేర్చుకోవడానికి బిడియం అడ్డురానివ్వని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) కొనియాడారు. వైద్యురాలి ముందు నోరు విప్పడానికి తటపటాయించే మన ఆడపిల్లలకు ఇంతకన్నా ఆదర్శం ఏముంటుంది?

ఇరవై నిమిషాలు ఎవరివి?

పైన చెప్పిన వ్యాయామాలకు ఖరీదైన వస్తువు ఏదీ అక్కరలేదు. తలుపు వేసుకున్న గది, ఇరవై నిమిషాల సమయం మాత్రం కావాలి. చాలా ఇళ్లలో స్త్రీకి దొరకనివి సరిగ్గా ఈ రెండే. రొట్టెలు చేస్తూ మధ్యలో ఎవరూ కండరాలను సడలించుకోలేరు. చంటిబిడ్డ ఏడుపు వింటూ ఎవరూ శ్వాసను లెక్కపెట్టలేరు. ఆ ఇరవై నిమిషాలు బిడ్డను ఎత్తుకునే భర్త, ఆ పూట పొయ్యి దగ్గర నిలబడే అత్తగారు, నీళ్లు కాచి సంచిలో పోసి తెచ్చే చెల్లెలు - వీరంతా ఈ చికిత్సలో భాగస్వాములే. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ సున్నతును ఆచరించడానికి ఇంతకంటే తగిన రోజు మరొకటి ఉండదు.

అల్లాహ్ తన హక్కు అయిన నమాజునే ఆ రోజుల్లో స్త్రీకి మాఫీ చేశాడు. అలాంటప్పుడు ఇంటి పనిలో ఒక పూట కూడా ఆమెకు మాఫీ చేయలేని మనం ఏ న్యాయం పాటిస్తున్నట్లు? తల్లులు తమ బిడ్డలకు ఓర్చుకోమని చెప్పే ముందు, ఎక్కడ నొప్పిగా ఉందమ్మా అని అడగాలి. తండ్రులు, భర్తలు గమనించడం నేర్చుకోవాలి. అడగడం, ఊరడించడం, ఏర్పాటు చేయడం సరిఫ్‌లో మనకు లభించిన ఆదర్శం.

మన ఇళ్లలోని ఆడపిల్లలకు, స్త్రీలకు అల్లాహ్ ఆరోగ్యాన్ని, నెమ్మదిని ప్రసాదించుగాక! వారి బాధను గుర్తించి ఆదుకునే మనసును మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.